గేటు మూసినోడు మా డిర్కన్న

ఎవరే నీకా మాట చెప్పింది, ఆ సినిమాలో బండి తోలింది జొహన్నెస్‌బర్గ్ హీరో అని? కూర్చో ఈడ. ఆ టీ నాకియ్యి, నువ్వింకోటి పోసుకో. ఆ హీరోకి కంచరగాడిదకు తల యాడుందో తోక యాడుందో తెలీదు. ఆరు కంచరగాడిదలు కట్టిన బండి తోలింది మా డిర్కన్న. డిర్క్ ఆపోలిస్. నీకు వరసకు తాత. నువ్వు పుట్టేతలికే పోయినాడు, నువ్వు జూళ్లే. మన ఈ రోయ్‌క్రాల్ ఊర్లో బండ్లు తోలేవాళ్లు శానామంది ఉండిరి గానీ, ఆరింటి పగ్గాలూ ఒక్క చేత్తో పట్టుకొని రెండో చేత్తో పొగాకు చుట్టుకునేవాడు వాడొక్కడే. తెల్ల రైతులు గూడా టోపీ ఎత్తి చూసేవాళ్లు. ఏం, నవ్వుతావేంది? నేను కండ్లారా చూసినా.

అప్పట్లో ఇటలీవాళ్లు తీసే గుర్రాల సినిమాలంటే పడిచచ్చేవాళ్లు జనం. భుజాన దుప్పటి, నోట్లో చుట్ట, ఇద్దరు మగోళ్లు ఒకరినొకరు గుడ్లురుముకుంటా నిలబడతారు చూడు, వాళ్లు తుపాకీ తీసేలోపల నేనొక గొర్రెకు బొచ్చు కత్తిరించేస్తా. ఆ మాదిరిదే, మన ఆఫ్రికాన్స్ మాటల్తో, నవ్వులాటగా తీస్తామని పట్నం సినిమావాళ్లు ఈడికొచ్చి దిగినారు. కథేముందిలే, దొంగలు చర్చి గంట ఎత్తకపోతారు, హీరో దాన్ని మళ్లా కొట్టేసి బండిలో ఏసుకొని ఉరుకుతాడు, దొంగలు ఎనకబడతారు. ఉరికేది హీరో, తోలేది మావోడు. డైరెక్టరు మొదటిరోజే చెప్పేసినాడు, ఎండకు ముక్కు తోలూడిపోయిన మనిషి, ముక్కుతోనే మాట్లాడేవాడు: "డిర్క్, నీ వీపు మాత్రమే కనపడాల. టోపీ కిందికి లాక్కో. మొగం పడిందంటే ఆ ముక్క కోసి పారేస్తా." హీరో తెల్లోడు గదా, మావోడు కాదు. ఆ కాలం ఎట్లాంటిదో నీకు నేను చెప్పాల్నా?

మా యమ్మ కాట్రేనకు అదే కడుపుమంట. మా ఇంట్లో ఒక్క ఫోటో లేదు. మా నాయన మొగం ఎట్లుండేదో, అది ఆమెకూ అన్నకే తెలుసు, నాకు గుర్తే లేదు. కొడుకు మొగమన్నా ఆ తెల్లగుడ్డ మీద పడాల, నలుగురూ చూడాల అని ఆమె ఆశ. వాడు ఇంటికి రావడం ఆలస్యం, "ఈరోజన్నా ఇటు తిరిగినావేంరా?" "లేదుమా, వీపే." "నీ వీపు నేను సూస్తానే ఉండా గదరా, ముప్పై ఏండ్ల నుంచీ." నేను పదకొండేండ్ల దాన్ని, మూలన కూర్చోని నవ్వుకునేదాన్ని. ఆమెకు మాత్రం నవ్వులాట కాదది.

ఆఖరు రోజు. ఫిలిం ఒక్క చుట్టే మిగిలింది. మైలు దూరం నుంచి బండి ఉరికొచ్చి, వాళ్లు తెరిచిపెట్టిన గొర్రెల కంచె గేట్లోంచి దూసుకపోవాల. ఊరంతా గుట్టమీద నిలబడి చూస్తా ఉండాం. వచ్చినాడమ్మా, దుమ్ము ఆకాశానికి లేస్తా ఉంది, ఎనక నలుగురు దొంగలు తుపాకులు పేలుస్తా. గేటు దాటినాడు. దాటి, ఏం చేసినాడనుకుంటావ్? పగ్గాలు బిగబట్టి బండి ఆపినాడు. దిగినాడు. గేటు మూసినాడు. టోపీ ఊడి కిందపడింది, దాన్నీ చూసుకోలా. తీగ చుట్టు కొయ్యకు తగిలించి, గట్టిగా ఉందో లేదో గుంజి చూసి, మళ్లా ఎక్కి ఉరికించినాడు. మరేం చేస్తాడే? మాకు నడక రాకముందే నేర్పేది అది, గొర్రెల గేటు దాటినోడు దాన్ని మూసే పోవాల. లేకుంటే పక్కోడి పొట్టేళ్లు వచ్చి మన గొర్రెల్లో పడతాయి, ఏడాది మంద నాశనం. అంతలో దొంగలొచ్చినారు. ఆ ఏషం కట్టినోళ్లూ ఈ కారూ మెట్టసీమ రైతుల బిడ్డలే గదా! ఒకడు దిగి తెరిచినాడు, ముగ్గురు పోయినారు, ఆఖరోడు మూసి తీగ తగిలించి, గుర్రమెక్కి, మళ్లా తుపాకీ పేల్చుకుంటా పోయినాడు. డైరెక్టరు నేలమీద కూలబడినాడు.

ఆ పొద్దు మా యన్న తల దించుకొని ఇంటికొచ్చినాడు. "అంతా పాడుచేసినా మా. మొగం పడింది, కోసేస్తారు." మా యమ్మ అన్నం పెడతా, "పొట్టేళ్లు ఇవతలికి రాలేదు గదా. తిను" అనింది. ఇంకో గరిటె ఎక్కువేసింది.

కోసేయలేదు. పట్నంలో ఆ ముక్క చూసినోళ్లంతా కడుపుబ్బ నవ్వి, ఉండనీ అన్నారంట. ఏడాదిన్నరకు సినిమా వచ్చింది. ముందు తెల్లోళ్ల హాల్లో, తర్వాత శనివారం మధ్యాహ్నం మా బడిలో, గుడ్డ కట్టి. మా యమ్మ చర్చికి ఏసుకునే నల్ల గౌను తొడుక్కోని ముందు బెంచీలో కూర్చుంది. గేటు వచ్చింది. డిర్కన్న ఇటు తిరిగినాడు, గోడంత మొగం. బడి పైకప్పు లేచిపోయిందే నవ్వులతో. ఆమె నవ్వలా. రెప్ప గూడా ఎయ్యలా.

అయిపోయినంక పేర్లు పడతా ఉండాయి. ఆమెకు చదువు రాదు. "మనోడి పేరొచ్చిందా సీనా?" అని నన్నడిగింది. హీరో పేరొచ్చింది, టీలు పోసినోడి పేరొచ్చింది, కంచరగాడిదల యజమాని పేరు గూడా వచ్చింది. లేదుమా, అని చెప్పినా. ఆమె లేచింది. పోయి గుడ్డకు అడ్డంగా నిలబడింది. ఆ పేర్లన్నీ ఆమె గౌను మీద పాకుతా ఉండాయి. "ఆ గేటు మూసినోడు డిర్క్ ఆపోలిస్. నా కొడుకు" అని చెప్పి, వచ్చి కూర్చుంది. అంతే. ఆ తర్వాత ఇంకా నాలుగూర్లలో ఆడింది, నాలుగూర్లకూ గాడిద బండి కట్టించుకోని పోయింది, ఆఖర్లో లేచి అదే మాట చెప్పింది. మా యన్న సిగ్గుతో బయటే ఉండిపోయేవాడు, గానీ బండి కట్టేది మాత్రం వాడే.

ఆ తల్లీకొడుకులిద్దరూ ఇప్పుడు లేరు. పోయినేడు ఆ సినిమా మళ్లా ఏసినారు గదా, ఊర్లో, ఒకప్పుడు మమ్మల్ని గడప తొక్కనియ్యని ఆ హాల్లోనే. నేను పోయినా. పేర్లు పడతా ఉంటే లేచినా. మోకాళ్లు ఈ మాదిరి, చెయ్యి పట్టుకునేదానికి ఎవరూ లేరు, అయినా పోయి ఆ గుడ్డ ముందర నిలబడినా. చప్పట్లు కొట్టినారంట, నాకేం ఇనపడలా. పేరు మొత్తం చెప్పినా, ఇంటిపేరుతో సహా.

పో, ఆ పొయ్యి మీద మాంసం అడుగంటుతాందేమో చూడు.