మచ్చలు కప్పింది నేనే

నా అసలు పేరు మీరు పైన రాసుకున్నారు. వీధిలో అందరికీ నేను పార్లరక్కను. వయసు నలభై ఆరు. ఇరవై రెండేళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. కీమో ఎక్కించే నర్సు ఒళ్లు చూడకుండానే మందు ఎక్కించిందని మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, ఫిర్యాదు పెట్టి, నన్ను సాక్షిగా మీ స్టేషన్‌కు తీసుకొచ్చాడు.

చెల్లెలికి రొమ్ము క్యాన్సర్. రక్తకణాలు తగ్గాయని మూడో కీమోను పదిహేను రోజులు వాయిదా వేశారు. ఆ పదిహేను రోజులూ అది కంటిమీద కునుకు లేకుండా, "ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుందక్కా" అని ఒకటే గోల.

అయిదో కీమో మొన్న బుధవారం. ఆ ఉదయం ఆరున్నరకు నన్ను గదిలోకి పిలిచి చూపించింది. మెడ కింద, ఛాతీ మీద ఎర్ర మచ్చలు. వాటి నడుమ ఊదారంగు. పెదవి లోపల పుండ్లు. మచ్చలు కనిపిస్తే వెంటనే చెప్పమని నర్సు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీదే అంటించి ఉంది. నేను చదివాను. చదివే చేశాను.

"ఇవి చూస్తే మళ్లీ వెనక్కి పంపేస్తారు. నీ చేతిలో పనేగా అక్కా, కప్పెయ్."

"మతి పోయిందా నీకు?" అని తిట్టాను. అది నా కాళ్లు పట్టుకుంది. చర్మం గురించి నాకొకరు చెప్పాలా అన్న పొగరు కూడా నాకుంది. వేడి పొక్కులే అనుకున్నాను.

ఏడు నుంచి ఎనిమిది దాకా కప్పాను. ముందు ఎరుపును చంపే ఆకుపచ్చ క్రీము, దాని మీద ఫౌండేషన్, ఆపైన పౌడరు. ఏ పెళ్లికూతురికీ అంత ఓపిగ్గా చెయ్యలేదు. ఒకచోట స్పాంజితోపాటు చర్మం పొర లేచి వచ్చింది, తడి కాగితంలా. నేను ఆపలేదు. దాని మీద కూడా రంగు వేశాను.

పదింటికి ఆసుపత్రిలో నర్సు మెడ చూసింది, చేతులు చూసింది.

"నోట్లో పుండ్లేమైనా ఉన్నాయామ్మా?"

"లేవు సిస్టర్."

"ఇవాళ మొహం కళకళలాడిపోతోంది, ఏంటి సంగతి?"

"మా అక్క చేతి చలవ" అని చెల్లెలు నవ్వింది. నేనూ నవ్వాను సార్. పదీ నలభైకి మందు ఎక్కించారు.

గురువారం సాయంత్రం నాలుగింటికి జ్వరం. శుక్రవారం తెల్లవారేసరికి వీపు చర్మం దుప్పటికి అంటుకుని వచ్చేసింది. ఇప్పుడు కాలిన గాయాల వార్డులో ఉంది, చర్మం ఊడినవాళ్లనూ అక్కడే చూస్తారట. కనురెప్పలు అతుక్కుపోయాయి. మచ్చలు ఎప్పుడు మొదలయ్యాయని డాక్టరమ్మ మూడుసార్లు అడిగారు. ఏ మందు వల్ల వచ్చిందో తేలాలంటే అది తెలియాలట. మూడుసార్లూ గురువారమన్నాను. బుధవారం సార్. బుధవారం ఉదయం ఆరున్నర. నిజం చెబుదామని రెండుసార్లు ఫోన్ తీశాను, రెండుసార్లూ పక్కన పెట్టేశాను.

నర్సు చూడలేదనడం అబద్ధం. ఆమె చూసింది, కనపడకుండా చేసింది నేను. ఆమెను ఉద్యోగంలోంచి ఆపేశారట. ఆ ఉసురు నేను మోయలేను.

మరిది బయట బల్ల మీద కూర్చున్నాడు. "మీరే లేకపోతే నేనేమైపోయేవాణ్ణి వదినా" అని ఇందాకే అన్నాడు.

రాసిందంతా చదివి వినిపించారు, విన్నాను. అన్నీ నా నోటి మాటలే, ఒక్కటీ కొట్టెయ్యమనను. సంతకం పెడతాను. ముందు డాక్టరమ్మకు ఫోన్ చేసి బుధవారమని చెప్పండి. ఆ తర్వాత మరిదిని లోపలికి పిలవండి.

(సంతకం)