స్పీకరు పెట్టె పక్కన

రాజమండ్రి మైదానంలో, అరవై దాటిన నలుగురు హెవీ మెటల్ వాద్యగాళ్ళు రెండు పాటల మధ్య కాస్త ఆగారు. క్రిస్టినా పక్కకి తిరిగి భర్త శ్యాంబాబుని చూసింది.

"వెనక్కి వెళ్దాం రండి. ఈ పెట్టె పక్కన నా చెవులు పగిలిపోతున్నాయి."

"ఇంకా రెండు పాటలున్నాయిట."

"ఎన్ని పాటలున్నాయని నేనడగలేదండీ."

"ఆఁ ఆఁ. ఇక్కడే బావుంది."

"ఏం బావుంది? ఆ డ్రమ్ములాయనకి డెబ్బై ఏళ్ళుంటాయి. మెడకి పట్టీ వేసుకుని మరీ బాదుతున్నాడు."

"కాలేజీ రోజుల్లో వీళ్ళ క్యాసెట్టు అరిగేదాకా విన్నాను. చూడు, చెయ్యి ఏమైనా తగ్గిందా?"

"అరవకండి, పక్కనే ఉన్నాను. ఇదిగో, రామచంద్రపురం బస్సులో వెళ్దాం. మీ బండి నేనెక్కను."

"ఏంటి?"

"కడియం దగ్గర లారీవాడు అంతసేపు హారన్ కొట్టాడు. మీరు పక్కకి తియ్యలేదు. వీపు మీద గుద్దితే అప్పుడు చూశారు."

"ఏదో ఆలోచనలో ఉన్నాను."

"ఎప్పుడూ ఆలోచనే! పక్కింటి సాయిప్రసన్న పెళ్ళిలో మైకు కీచుమంటుంటే జనమంతా చెవులు మూసుకున్నారు. ఆ మైకు సెట్టు మీదే. మీరేమో పక్కన కూర్చుని నవ్వుతున్నారు."

"అది... వైరు పాడైంది."

"వైరు సంగతి కాదండీ. పిలిస్తే పలకరు. ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్ పెట్టమంటారు. నేనంటే..."

"ఇటు తిరిగి చెప్పు."

"ఎటు తిరిగినా ఇదే మాట. ఎవరైనా ఉన్నారా?"

"ఛ! ఎవరుంటారు? నువ్వు తప్ప ఎవరున్నారు నాకు?"

"మరి మాట్లాడుతుంటే నా కళ్ళలోకి చూడరేం? ఎప్పుడూ నోటికేసే చూస్తారేం?"

"అరె, లైట్లు తీసేశారేంటి?"

"పాట మొదలెడతారేమో. నేనడిగినదానికి చెప్పండి."

"అవునవును. బాగా వాయిస్తున్నారు."

"ఇంకా మొదలే పెట్టలేదు కదండీ!"

"అదే, అదే."

"ఏవండీ... నేను రేపు మా అమ్మావాళ్ళింటికి వెళ్ళిపోతున్నాను. ఇంక తిరిగి రాను."

"అలాగే. నీ ఇష్టం."

"ప్రభువా! ఇటు చూడండి. ఫోను లైటు నా మొహం మీదే వేసుకున్నాను. నా మాట మీకు వినపడుతోందా?"

"లైటు తియ్యి క్రిస్టినా. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. వినపడుతోందా, లేదా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఎడమది పోయి చాన్నాళ్ళయింది. కుడిది క్రిస్మస్ వెళ్ళాక పోయింది. నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. మిషను పెట్టినా లాభం లేదన్నాడు."

"ఒక్కరే వెళ్ళారా డాక్టరు దగ్గరికి? నాకు చెప్పకుండా?"

"మైకు సెట్టువాడికి చెవుడంటే ఇంకెవరు పిలుస్తారు?"

"నేనేమైనా మైకు కావాలని వచ్చిన పెళ్ళివారినా? మీ పెళ్ళాన్నండీ!"

"నీకు తెలిస్తే ఇంట్లో పాడటం మానేస్తావని... ఏడవకు. నువ్వు ఏడిస్తే పెదాలు వణుకుతాయి, నాకు మాట అందదు."

"డ్రమ్ము మొదలైంది. ఇదేం వినపడుతుందని వచ్చారు ఇంత దూరం?"

"పెట్టె మీద చెయ్యి పెట్టు. ఇలా. దడ గుండెల దాకా వస్తోందా? నాకింకా అందుతున్న పాట ఇదొక్కటే."

"నా పాట?"

"నువ్వు వంటింట్లో పాడుతుంటే ఒకసారి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. ఏం తెలియలేదు."

"అయితే గుడ్ ఫ్రైడే నాడు? చర్చిలో నేనొక్కదాన్నే పాడుతుంటే మీరు ముందు వరసలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. అంత బాగా పాడానా అని మురిసిపోయాను నేను. అది... అది కూడా వినపడలేదా?"

"వినపడలేదనే ఏడ్చాను."