సాబ్ వచ్చే వేళ

నిదానంగా మాట్లాడు వదినా. మామ లోపల పండుకోనుండాడు. ఇప్పుడు లేస్తే నాకు సేతులాడవు. నగరి నుంచి ఎండలో బస్సెక్కి వచ్చినావు, ముందు ఆ మంచినీళ్ళు తాగు. తిట్టేది యాడికీ పోదులే, తర్వాత తిట్టచ్చు.

అవును, ఈ ఇంట్లో రమ్ము ఉండాది. నేనే కలపతాను, ఈ సేతుల్తోనే. చర్చిలో వాళ్ళు నీకు ఫోన్ జేసి సెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. రూతు మొగునికి తాగబోసి సెడగొడతాండాది అన్నారంట గదా? పోసేది నేనే, ఒప్పుకుంటాను. సెడగొడతాండేది ఎవరో ఇంట్లో ఉండే నాకే తెలీలేదు, వాళ్ళకెట్ల తెలిసిందో.

కూర్చో. ఈ అల్లం దంచతా సెప్తాను. దంచేది ఆపితే టయానికి కాదు. టయానికి కాకపోతే ఏమవతాదో నువ్వు సూళ్ళేదు.

మీ నాయన మిలిటరీలో తుపాకీ పట్టిన మనిషి కాదు గదా. ఆఫీసర్ల మెస్సులో ట్రే పట్టినోడు. సాయంత్రమైతే తెల్ల సొక్కా, ముంజేతి మీద టవలు. అంత సర్వీసులో ఒక్క సుక్క నోట్లో పోసుకోలేదని అత్త గొప్పగా సెప్తా ఉండె. కలిపేవాడు తాగితే కొలత తప్పుతుందనేవాడంట. అట్లాంటి మనిషి ఇంట్లో ఈ వాసనేంది అంటావు. నిజమే.

అత్త పోయినాక గదా మొదలైంది. సొక్కా తిరగేసి తొడుక్కునేవాడు. కళ్ళజోడు పెట్టుకోనే కళ్ళజోడు యాడ అని ఎతికేవాడు. వయసులే అనుకున్నాం. ఒకరోజు నేను అన్నం పెడతా ఉంటే, ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు మీది అన్నాడు. వేలూరు డాక్టరు సూసి, ఇది తగ్గే జబ్బు కాదు, ఇంట్లో జాగర్తగా సూసుకోండి అనేసినాడు. ఇంట్లో అంటే ఎవరు? నేనే గదా.

పగలంతా బాగనే ఉంటాడు. పొద్దు వాలితే సాలు, కాలు నిలవదు. లేస్తాడు, తెల్ల సొక్కా ఏసుకుంటాడు, సాబ్ వచ్చే టైమైంది, మెస్సు యాడ అని గేటు తీస్తాడు. నేను బతిమాలి లోపలికి తెచ్చేది, ఆయన మళ్ళీ పొయ్యేది. ఒకరోజు మిద్ది మీద బట్టలు తెచ్చుకొనే లోపల మనిషి లేడు.

నీకు ఫోన్ సేసినాను గదా ఆ రోజు, గుర్తుండాదా? నువ్వు అక్కడ ఏడుస్తా ఉండావు, నేను ఈడ వీధులన్నీ తిరగతా ఉండాను. మీ తమ్ముడు గుణ కోర్టు కాడ టైపింగ్ షాపు అట్లే తెరిసి పెట్టేసి బండి మీద ఎతికినాడు. కడాకు బస్టాండులో దొరికినాడు. ఎవరో కండక్టరు కూసోబెట్టినాడంట, లేకుంటే కాట్పాడి బస్సెక్కి పొయ్యేవాడు. కాళ్ళకు సెప్పుల్లేవు. అరికాళ్ళంతా బొబ్బలు. ఆ కాళ్ళకు మందు పూస్తా గుణ ఏడ్సినాడు వదినా. మొగోడు ఏడిస్తే నేను సూసింది అదే మొదటిసారి.

మర్నాడు గుణే మామ మిలిటరీ కార్డు తీసుకొని క్యాంటీనుకు పోయి రమ్ము సీసా తెచ్చినాడు. మనం సారా వాసన తెలీని కుటుంబం, నేను వద్దనే అన్నాను. మెస్సు కోసం రోడ్ల మీద తిరగతాండాడు గదా రూతూ, ఆ మెస్సేదో ఇంట్లోనే పెట్టేస్తాం అన్నాడు. నేనే పోయి ఐసూ నిమ్మకాయలూ తెచ్చి పెట్టినాను.

ఆ సాయంత్రం మామను నువ్వు సూసుండాల్సింది. గుండీలు పెట్టుకోలేని సేతులు గదా అవి. పొడుగు గ్లాసు ఎంచుకున్నాడు, నిండా ఐసు ఏసినాడు. అల్లం రసం సక్కెర పాకంలో కలిపినాడు. నిమ్మకాయ పిండినాడు, గింజ పడకుండా. గోలీ సోడా కొట్టి, పైన రెండు వేళ్ళంత ఖాళీ పెట్టి పోసినాడు. కడాకు స్పూను బోర్లించి, దాని వీపు మీద రమ్ము సన్నంగా జార్చినాడు. అది కిందికి దిగలేదు వదినా. అడుగున నిమ్మకాయ నీళ్ళ రంగు, పైన సింతపండు పులుసు రంగు, ఏది దానిదే. నేను అట్లే సూస్తా నిలబడిపోయినాను. సేతులు ఒక్కసారి గూడా వణకలేదు.

ఇప్పుడు వణకతాయిలే. అందుకే నేను కలిపేది. ఆయన నా ఎనక నిలబడి సెప్తాడు. నా పేరు తెలీదు, స్పూను ఎంత వంచాలో తెలుసు.

సరే, ఆ మొదటి రోజు మామ గ్లాసు ట్రేలో పెట్టుకొని హాల్లోకి పోయినాడు. ఆడ ఎవరుండారు? ఖాళీ కుర్చీ. సాబ్ కోపమై ఎల్లిపోయినాడని మొకమంతా పాలిపోయింది. అప్పుడే గుణ షాపు నుంచి వచ్చి, బూట్లు ఇప్పుకుందామని ఆ కుర్చీలో కూసున్నాడు. మామ నిటారుగా నిలబడి 'సాబ్' అని గ్లాసు ముందర పెట్టినాడు.

మీ తమ్ముడు నా దిక్కు సూసినాడు. తాగినట్టు సెయ్యమని నేనే సైగ సేసినాను.

మొదట్లో తాగినట్టే సేసినాడు, నా మీద ఒట్టు. మామ అటు తిరిగితే కిటికీలో కరేపాకు కుండీలో పోసేవాడు. ఆ సెట్టు మాడిపోయింది గూడా. మామ ఖాళీ గ్లాసు తీసుకొని, గుడ్ నైట్ సాబ్ అని పోయి పండుకునేవాడు. గేటు కాడికి పోలేదు, రోడ్డెక్కలేదు. నేను మోకాళ్ళేసి ప్రార్థన సేసుకున్నాను, ఈ మాత్రం సాలు ప్రభువా అని.

తర్వాత ఒకరోజు మామ పక్కనే నిలబడి కదల్లేదు. ఊరికే కూసోలేక గుణ ఏదో మాట కలిపినాడు. నీకు పిల్లలెంతమంది ఢిల్లీబాబూ, అన్నాడు.

నాయన్ను పేరు పెట్టి పిలిసినాడు వదినా. వంటింట్లో నేను గిన్నెలు కడిగేది ఆపేసినాను. మామ మాత్రం మెల్లగా, మర్యాదగా సెప్పినాడు.

"ఒక కొడుకుండాడు సాబ్, గుణ. చర్చిలో పాడతాడు. లీవులో వచ్చినప్పుడు నేను బయట సెప్పులు ఇడిసే కాడ నిలబడి ఇంటాను. లోపలికి పోతే నన్ను సూసి ఆపేస్తాడు. భయం వానికి నేనంటే."

నీకు తెలుసు గదా, సిన్నప్పటి నుంచి మామ గుణతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. మిలిటరీ సెలెక్షన్లో తప్పినప్పుడు అందరి ముందర, వీడు దేనికీ పనికిరాడు అన్నాడు. ఆ ఒక్క మాట ఇన్నేళ్ళూ మోసినాడు మీ తమ్ముడు. మా పెండ్లైన కొత్తలో నాకు సెప్పుకున్న మొదటి దుఃఖం అదే. నాయన నా పాట ఎప్పుడూ ఇనలేదు అనేవాడు.

ఆ రోజు గ్లాసు కుండీలో పోయలేదు. సేతిలోనే పెట్టుకొని, ఇంకా సెప్పు, ఇంకా సెప్పు అన్నాడు.

ఊరికే పట్టుకోని కూసుంటే సరిపోదా అంటావు. నేనూ అదే అన్నాను. ఐసు కరిగితే మామ ఊరుకోడు వదినా. నీళ్ళైపోయింది సాబ్, తప్పైంది అని గ్లాసు లాక్కొని పోతాడు. పోతే మాట అయిపోయినట్టే. తాగతా ఉండాల, అడగతా ఉండాల. తాగేస్తే ఇంకోటి తెమ్మనాల. సాబ్ ఇంకోటి అడిగితే మామకు ఎంత సంతోషమో. నా ఎనక వచ్చి, బాగా కుదిరిందమ్మా, సాబుకు నచ్చింది అంటాడు. నేను నవ్వాలా, ఏడవాలా?

టీ డికాషన్ పోసి సూసినాను. ఆ మాత్రం తెలివి నాకూ ఉండాది. మామ వాసన సూసి కనిపెట్టేసినాడు. రిపోర్టు రాస్తారు, నన్ను పంపించేస్తారు అని నా సేతులు పట్టుకున్నాడు. మళ్ళీ కలపాల్సి వచ్చింది. నన్ను సెయ్యొద్దు అంటాండావు గదా, ఆ సేతులు నీ సేతులు పట్టుకుంటే నువ్వేం సేస్తావో సూడాల.

ఇప్పుడు మామ పండుకున్నాక గూడా మీ తమ్ముడు ఆ కుర్చీలో నుంచి లేవడు. అప్పుడు ఐసూ లేదు, అల్లమూ లేదు, ఉట్టిదే. షాపులో ఒక వకాల్తా కాయితంలో వాది పేరు కాడ ప్రతివాది పేరు కొట్టినాడంట. ఆ వకీలు పనంతా పక్క షాపుకు ఇచ్చేసినాడు. చర్చిలో అయ్యగారు పక్కకు పిలిసి, కొన్నాళ్ళు పాడొద్దు గుణా అని మెల్లగా సెప్పినాడు. ఆయన తప్పు లేదు, వాసన దాగేది కాదు గదా. ఈడ మామ నా కొడుకు పాడతాడని సెప్తా ఉండాడు. ఆడ ఆ కొడుకు కడా బెంచీలో నోరు మూసుకొని కూసోనుండాడు.

అడగలేదా అంటే, అడిగినాను వదినా. ఇంక సాలు, ఒక్కదాంతో ఆపెయ్ అన్నాను. తల ఎత్తకుండా ఒకే మాట సెప్పినాడు.

"గ్లాసు అయిపోతే నాయన మాట ఆపేస్తాడు రూతూ."

దానికి నువ్వైతే ఏమంటావో సెప్పు.

మామను నగరికి తీసుకపోతాను అంటాండావు. తీసుకపో. నీ కాళ్ళు మొక్కి పంపిస్తాను. అయితే పొద్దు వాలితే ఆయనకు సాబ్ కావాల. మీ ఆయన మరమగ్గాలు ఆపేసి వచ్చి కూసుంటాడా? కూసుంటాడనే అనుకుందాం, మరి మీ తమ్ముడు? పోయిన వారం ఈ మాటే అంటే అన్నం కంచం ముందర నుంచి లేసి పోయినాడు. మామను ఈడ పెట్టుకుంటే తాగి మీ తమ్ముడు పోతాండాడు, పంపించేస్తే ఇద్దరూ ఏమవతారో తెలీదు. నేను యాడని పట్టుకునేది?

ఏంది, సరిగ్గా ఇనపళ్ళేదు. గట్టిగా సెప్పు.

నీ గురించి గూడా సాబుకు సెప్తాడా అనా?

ఉండు, ఈ అల్లం రసం పిండి పక్కన పెట్టనీ.

సెప్తాడు వదినా. కూతురుండాది సాబ్ అంటాడు. ఏం సెప్తాడో నన్నడగొద్దు, ఆయన నోట్లో ఉన్నట్టు నా నోట్లో ఉండదు. మొదటి గ్లాసంతా కొడుకు గురించే. నీ పేరు ఎత్తేది రెండోదానికి.

ఊరుకో, ఏడవబాకు. అదిగో, మంచం సప్పుడు. లేసినాడు. బీరువా తీస్తాండాడు సొక్కా కోసం. గేటు కాడ మీ తమ్ముని బండి గూడా ఆగింది.

నగరికి ఇంకా బస్సులుండాయి. పోతావా, ఉంటావా?

సరే. ఉండేటట్టైతే రెండోదానికి ఇంకో గ్లాసు కడిగి పెడతాను.