పాదాల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు

1994 జూలై నాలుగో తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి మధుమేహ విభాగంలో పాదరక్షలు కుట్టే ఉద్యోగంలో చేరేనాటికి, నేడు పదవీ విరమణ చేస్తున్న మన మేస్త్రి గారి వయస్సు ఇరవై తొమ్మిదేళ్లు. మందుల గది పక్కన ఒంటికిటికీ గది, ఒక కుట్టుమిషను, తండ్రి గారు ఇచ్చిన తోలుకత్తి. అంతే వారి సరంజామా. "చక్కెర జబ్బుకీ చెప్పులకీ ఏం సంబంధమయ్యా?" అని ఆనాడు నవ్విన వారిలో వైద్యులు కూడా ఉన్నారు.

ఆ సంబంధాన్ని మేస్త్రి గారు రోగుల పాదాల చెంత కూర్చుని అభ్యసించారు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే అరికాలికి స్పర్శ సన్నగిల్లుతుందనీ, నొప్పి తెలియని చోటే పుండు నిశ్శబ్దంగా ముదురుతుందనీ గ్రహించి, ప్రతి పాదాన్నీ కాగితంపై గీసి, బరువు పడే చోట మెత్తని పొర అమర్చి, లోపల ఒక్క కుట్టయినా ఒరుసుకోని పాదరక్షలను రూపొందించారు. "ఇవి వేసుకుంటే నన్ను ముసలాడంటారు" అని మొండికేసిన ఒక వ్యాయామ ఉపాధ్యాయునితో, "కాలు పోతే ఏమంటారో కూడా కనుక్కున్నారా సార్?" అన్నారట. ఆయన బూట్లు విప్పి కొలతలిచ్చారు.

కాలక్రమంలో గది ముందు వరుస పెరిగింది. మాత్రలు మానవద్దనీ, తిండి మితంగా తినమనీ, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోమనీ, రోజూ నడవమనీ, పాదాలు చూసుకోమనీ అందరికీ ఓపికగా చెప్పే మేస్త్రి గారు ఇంటికి చేరేసరికి ఏడు దాటేది. లెక్కల పంతులమ్మగా పనిచేసే వారి సతీమణితో కలిసి బడి గేటు నుంచి ఇంటి దాకా నడిచే సాయంత్రాలు అలా ఒక్కొక్కటే తరిగిపోయాయి. అప్పటికే ఆమెకు ఎనిమిదేళ్లుగా మధుమేహం.

2012 చలికాలంలో ఆమె వేన్నీళ్లలో కాళ్లు పెట్టుకున్నారు. నీళ్లు కాగిపోతున్నాయని పాదానికి తెలియలేదు. తొమ్మిదో రోజున మేజోడు పుండుకు అంటుకుని ఉండగా మేస్త్రి గారి కంటపడింది.

"ఎందుకు చెప్పలేదే?"

"పొద్దస్తమానం ఊరందరి కాళ్లూ చూసి వస్తారు. ఇంటికొచ్చాక కూడా కాళ్లేనా అనిపించింది."

రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది. "దీపం కింద చీకటంటే ఇదే సిస్టర్" అని కట్లు కట్టే నర్సు వద్ద వారు కంటతడి పెట్టారు. భార్యకు కుట్టిన మొదటి జత నచ్చక తామే విప్పేశారు, రెండోదీ అంతే. మూడో జత తొడుక్కుని ఆమె, "బాగున్నాయండీ. కానీ ఇవి వేసుకుని నేనొక్కదాన్నే నడవాలా?" అన్నారు.

ఆ ప్రశ్నకు మేస్త్రి గారు ఆదివారాలు మాత్రమే సమాధానం చెప్పగలిగారు. గడచిన పదమూడేళ్లుగా సాయంత్రం ఐదు కాగానే వారి చూపు కిటికీ బయటి దారిపైకి పోవడం, "ఇంకొక్క జతే" అనుకుంటూ తల మళ్లీ వంగడం మేమంతా చూశాము. చూసి కూడా, వరుసలోని మరొకరిని లోపలికి పంపాము. ఈ ప్రశంసలో ఆ అపరాధాన్ని దాచుకోవడం ధర్మం కాదు.

నిన్న పంతులమ్మ గారు స్వయంగా విభాగానికి వచ్చారు. చక్కెర అదుపులో ఉన్నదట. అరగంట నడుస్తున్నారట, నడుమ ఒకచోట కూర్చుని. తలుపు దగ్గర నిలబడి, "ఏం సిస్టర్, ఇక మా ఆయన్ని ఇచ్చేస్తారా?" అని అడిగారు. నర్సు నవ్వబోయి నవ్వలేక, "తీసుకెళ్లండమ్మా. ఆలస్యం చేశాం" అన్నది.

వేలమందిని తమ కాళ్లపై నిలబెట్టిన మేస్త్రి గారికి నిండు నూరేళ్ల ఆయుష్షు, చెక్కుచెదరని ఆరోగ్యం కలగాలనీ, ఆ దంపతులకు తొందర లేని సాయంత్రాలు ఇకనైనా సమృద్ధిగా దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాము.