గిటారు కూత

(బొగ్గుగని కాలనీ, 1992. సాయంత్రం. వంటింట్లో అనసూర్య, కూతురు స్వరూప దీపాలకు వత్తులు చేస్తున్నారు. పక్క గదిలో రాయమల్లు పడుకుని ఉన్నాడు.)

"సన్నగ చెయ్యి స్వరూపా. గిది వత్తా, బొటనవేలా?"

"చేస్తున్ననే అవ్వా. బాపు లేచిండా?"

"నాకేం తెల్సు. చేసినయి తీస్కపోయి దేవుని గూట్ల పెట్టు, సూసిరా."

"పెట్టిన. కండ్లు మూసుకున్నడు గని గురక లేదు. సందుగ తాళంచెయ్యి మొలదారానికే ఉన్నది."

"మెల్లగ మాట్లాడు."

"క్లబ్బుల పాటల ప్రోగ్రాం మొదలయ్యే యాళ్లయితున్నదే. హైదరాబాద్ బాండులు రెండొచ్చినయి. అందరియి పుర్రెల అంగీలు, మన ఎల్లక్క కంటె పొడుగు జుట్లు. అన్న గిటారునేమో బాపు సందుగల నీ చీరెల కింద పెట్టి తాళమేసె. ఉత్త చేతులతోని ఏం వాయిస్తడు?"

"మీ అన్న కైలాసం పోయినేడు వాయించింది చాలదా?"

"ఒక్క కూతనే గదా."

"ఒక్క కూతనే. గనిల ఏమన్న అయితే మోగే సైరన్ లెక్కనే కూసె. కాలనీ ఆడోళ్లందరం గని కాడికి ఉరికినం. చేతుల పిండి గూడ కడుక్కోలే."

"బాపు పైకి రాంగనే మెడ పట్టుకొని ఏడ్చినవట. బాపు మొకమంత పిండేనట."

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"ఎల్లక్క."

"ఎల్లక్క తన మొగడనుకొని లచ్చయ్యను పట్టుకున్నది. గది చెప్పిందా?"

"చెప్పలే."

"చెప్పదు. వత్తి చెయ్యి."

"బాపు కోపం గందుకేనా? నువ్వు పట్టుకున్నవనా?"

"ఏడాదాయె. గనిల ఇంక పిండి రాయమల్లు అనే పిలుస్తుండ్రట. కోపం రాదా?"

"ఇయ్యాల అన్న ముందుగాలనే మైకుల చెప్తడట. గిది సైరన్ కాదు, ఎవ్వలు ఉరుకద్దని."

"చెప్తే కాళ్లింటయా? గా కూత ఇనవడితే మల్ల ఉరుకుత."

"బాపుకు ఇయ్యాల డ్యూటీ లేదు గదనే. ఎవ్వలికోసం ఉరుకుతవు?"

"డ్యూటీ లేదని గుండెకు తెల్సా? మీ బాపు క్లబ్బుల నా పక్కన కూసుంటె, గా గిటారు ఎంతసేపు కూసినా కదల."

"గంత గట్టిగ అంటున్నవేందే?"

"ఎవ్వలన్నరు? నువ్వు మెల్లగ మాట్లాడు."

"అవ్వా, తలుపు సప్పుడైంది."

"సూడు పో."

"బాపు లేడు. చెప్పులు లెవ్వు."

"ఏమన్న చెప్పిపోయిండా?"

"ఏం చెప్పలే. దేవుని గూట్ల తాళంచెయ్యి పెట్టిపోయిండు."

"పెట్టిండా? మరి ఎటు పోయిండే?"

"కిటికీలకెల్లి సూడు, క్లబ్బు తొవ్వకే పోతుండు. నేను చేసిన లావు వత్తులు రెండు చెవులల్ల పెట్టుకున్నడు."