వరుస తప్పితే

“ఒకరి మందు ఇంకొకరికి పోతే ఎట్ల బిడ్డా? పానం మీదికొస్తది గద!”

వాన వెలిసిన సాయంత్రం. నాచారం ఫ్లాటు బాల్కనీలో కోడలు ఓ ఆస్పత్రి కోసం ప్రోగ్రాం రాస్తోంది. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తకు మనసు మనసులో లేదు. ఉప్పల్ వైపు మెట్రో రైలు దీపాల దండలా తడిగాలిలో తేలిపోతోంది.

“పోదత్తయ్యా. డేటాబేసులో ప్రొసీజర్ అని ఒకటుంటుంది. పేషెంటు, మందు, మోతాదు వరుసగా అందిస్తే పని చేసిపెడుతుంది. వీటినే పారామీటర్లంటాం.”

“వరుస తప్పితే?”

“ప్రమాదమే. అందుకే నేను ఒక్కోదాన్నీ పేరు పెట్టి అందిస్తాను. ముందుది వెనకయినా దేని చోటికది చేరుతుంది.”

“పేరు పెట్టా! నేనైతే మీ మామ పేరు ఎన్నడు నోట్లకెల్లి తియ్యలే.”

“ఇవి మామయ్యలు కావులెండి.”

“అయితే పేరుంటె వరుసతోని పనే లేదా?”

“లేదు.”

అత్త చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

“నా కొడుకు పోయి ఏడాదాయె. మీ అమ్మోళ్లు నీకు సంబంధం సూస్తున్నరంట. సేసుకో బిడ్డా, నేనే జెప్తున్న. గని అప్పుడు నువ్వు నా కోడలివి గావు గద. నన్నేమని పిలుస్తవ్? అసలు పిలుస్తవా?”

కీబోర్డు చప్పుడు ఆగింది. అడగరానిది అడిగానేమో, పొద్దున్నే బ్యాగు సర్దుకుంటుందేమోనని అత్త ఒలిచిన కాయనే మళ్లీ ఒలవసాగింది.

“లక్ష్మీనర్సమ్మా,” అంది కోడలు చివరికి.

అత్త పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ పిలవని ఆమె సొంత పేరది.

“ఆఁ... ఏందే?” అంది ఆమె.