జానెడు ఎక్కువ

1984 మార్చి, శనివారం సాయంత్రం. గుంటూరు బ్రాడీపేటలో జయరావు మాస్టారి పెరడు. రేకుల షెడ్డులో చెక్కపొట్టు మధ్య ఆయన, గుమ్మంలో భార్య ప్రేమమ్మ.

“నవ్వకు ప్రేమా.”

“నవ్వట్లేదండీ. దగ్గొచ్చింది. మిరపకాయల రోజులు కదా.”

“కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతారా ఎవరన్నా?”

“ఇంతకీ చర్చికొచ్చిన కొత్త అయ్యగారు, ప్రసంగాలకని మీరు చేసిన పుల్పిట్ వెనకాల నిలబడితే ఏం కనపడిందన్నారూ?”

“జుట్టు.”

“జుట్టొక్కటేనా?”

“నుదురు కూడా కాస్త కనపడింది. ఊరుకో ఇంక.”

“ఎనిమిది నెలలు! బడి నుంచి రావడం, చొక్కా విప్పడం, చిత్రిక పట్టుకోవడం. అన్నంలో పొట్టు, పక్కలో పొట్టు, ఆఖరికి బైబిల్లో కూడా పొట్టే. తీరా చేసింది దైవసేవకుణ్ణి దాచిపెట్టే బీరువా!”

“పాత అయ్యగారు ఆరడుగుల మనిషి. ట్రాన్స్‌ఫరై పోతారని నేను కలగన్నానా?”

“పాత అయ్యగారి కొలత తీశారా?”

“తీశాను... అంటే... ఆయనా నేనూ ఒకటే ఎత్తు.”

“అడిగింది చెప్పండి. టేపు పెట్టింది ఆయనకా, మీకా?”

“ఆయనకి తీరికేదీ?”

“అదీ సంగతి! రోజూ సాయంత్రం దాని వెనక నిలబడి చేతులూపుతూ ఎవరికి వాక్యం చెప్పేవారు? నా కోళ్ళకా?”

“చూశావా?”

“నేనే కాదు, పక్కింటి మస్తాన్‌బీ కూడా చూసింది. మాస్టారికి ఒంట్లో బాగుందా అని అడిగింది.”

“ఒక్కసారి అక్కడ నిలబడి చదవాలని ఉండేది. తప్పా? సరే, అది పోనీ. రేపు పొద్దున పుల్పిట్ ప్రతిష్ఠ. కమిటీవాళ్ళు పాత బల్లే వేద్దాం, దీన్ని ఇంటికి తీసుకెళ్ళండి మాస్టారూ అంటున్నారు. అదే జరిగితే నేనింక చర్చిలో తలెత్తుకోలేను ప్రేమా.”

“కింద జానెడు కోసెయ్యండి. పీడా పోతుంది.”

“కిందా? పత్తికాయల చెక్కడమంతా కిందే కదే! మూడు నెలల పని!”

“పత్తికాయలా అవి? వంకాయలనుకున్నాను.”

“వెక్కిరించు. వడ్రంగి బుడానే తడిమి చూసి మెచ్చుకున్నాడు.”

“మెచ్చుకోడూ మరి? మీరు పాడుచేసిన టేకంతా అతని దగ్గర కొన్నదేగా.”

“ఏమైనా సరే, కొయ్యను. అయ్యగార్నే జానెడు పైకెక్కిస్తాను. కాళ్ళ కింద పీట వేస్తే సరి. ఎదర కూర్చున్నవాళ్ళకి కనపడదు కూడా.”

“వేసుకోండి. ఎవరొద్దన్నారు?”

“కొత్తది చేసే టైము లేదు. మన వంటింట్లో ఉందిగా, సరిగ్గా జానెడు ఎత్తు. ఇటు పట్రా.”

“ఏ పీట?”

“ఎన్ని పీటలున్నాయే మనకి? నేను మొట్టమొదట చేసింది.”

“అది పనికిరాదు.”

“ఎందుకు పనికిరాదు?”

“పనికిరాదన్నాగా! కుంటిది. ఒక కాలు పొట్టి.”

“ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పదకొండేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి నవ్విస్తున్నావుగా. పొయ్యిలో పెడతానని రోజూ అంటావు. ఈ ఒక్క పూటా దేవుడి పనికి రానీ.”

“మస్తాన్‌బీని అడిగి తెస్తానుండండి. వాళ్ళది మంచి పీట, బజార్లో కొన్నది.”

“ఇంట్లో పెట్టుకుని పక్కింట్లో అడుక్కోవడమా? తప్పుకో, నేనే తెచ్చుకుంటా.”

“ముట్టుకున్నారంటే ఊరుకోను! మీ వంకాయలు కోసుకుంటారో, అయ్యగారి జుట్టుచేతే ప్రసంగం చెప్పించుకుంటారో మీ ఇష్టం. నా పీట జోలికి మాత్రం రాకండి!”

“ఏమైందే నీకు? దానిమీద అంత...”

“పదకొండేళ్ళు దానిమీదే కూర్చుని వండానండీ. ఎప్పుడు ఏ పక్కకి వాలుతుందో నా ఒంటికి తెలుసు. అయ్యగారికేం తెలుసు? పడతారు.”